ఆకులో తడి, గుమ్మడిలో తడి

పడుకోవాల్సిన వేళకి టైపు చేస్తున్నానంటే మీకు అర్థమయ్యే ఉంటుంది, ఏదో అరగలేదని. ఈసారి అరగనిది ఒక వాక్యం. మా చిన్నమ్మాయి సంచిలోంచి బయటపడ్డ కాగితంలో ఉంది. "రాలిన ఆకుల్ని రెండు మైనపు కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేయండి. రంగులు ఎప్పటికీ అలాగే ఉంటాయి." అంతే. ఎంత వేడి, ఎంతసేపు, పచ్చి ఆకా ఎండిన ఆకా, ఒక్క ముక్క లేదు. పైగా ఎప్పటికీ అట!

ఆకురాలు కాలంలో కనిపించే పసుపు ఆకులో కొత్తగా రాదు. వేసవంతా అక్కడే ఉంటుంది, పత్రహరితం కింద కనబడదు. పగళ్ళు కురచై, చలి మొదలై ఆ పచ్చదనం విరిగిపోతే పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు, అది అప్పటికప్పుడు తయారయ్యేది. తొడిమ మొదట్లో అడ్డుపొర కట్టుకుంటుంటే ఆకులోనే చిక్కుకుపోయిన చక్కెరల నుంచి పుడుతుంది. అందుకే పగలు మంచి ఎండ, రాత్రి మంచు పట్టనంత చలి ఉన్న ఏడాది ఎరుపు అదిరిపోతుంది, ముసురు పట్టిన ఏడాది వెలవెలబోతుంది. ఆ ఎరుపు నీళ్ళలో కరిగే రంగు, వెలుతురుకి ఆగని రంగు. మైనం పూసినా, ఇస్త్రీ చేసినా, ఎండ పడే కిటికీకి దండగా కడితే వెలిసిపోయి చివరికి గోధుమరంగే మిగులుతుంది. ఎండ తగలని గోడకి కడితే సీజను గడుస్తుంది. "ఎప్పటికీ" అని రాసినవాళ్ళు తాము కట్టిన దండని మళ్ళీ తలెత్తి చూసి ఉండరు.

సరే, ఇస్త్రీ. రాలినవెంటనే తెచ్చిన ఆకుని ఇస్త్రీపెట్టె కింద పెడితే లోపలి తడి ఆవిరై ఆకుని ఉడికిస్తుంది. అందుకే నల్లమచ్చలు, కాగితంలో బుడగలు. ముందు ఒకట్రెండు రోజులు బరువు కింద అదమాలి. ఆ తర్వాత ఆవిరి పూర్తిగా ఆపేసి, మధ్యస్థమైన వేడిమీద, పైనా కిందా పాత గుడ్డ వేసి, రుద్దకుండా, ఒక్కోచోట పది పదిహేను సెకన్లు నొక్కి తీయాలి. రుద్దితే ఆకు జరిగి కొసలు మడతపడతాయి. కాగితం మసక పోయి ఆకు స్పష్టంగా కనిపిస్తే మైనం కరిగినట్టు. ఆకు చుట్టూ సెంటీమీటరు ఖాళీ వదిలి కత్తిరించాలి, లేకపోతే అంచు విడిపోతుంది. ఇంకో సంగతి. కేకు కింద వేసే బేకింగ్ పేపర్ ఇందుకు పనికిరాదు. దానిమీద ఉండేది సిలికాన్ పూత, కరగదు, అతుక్కోదు. ఎంత నొక్కినా రెండు కాగితాలు రెండుగానే ఉంటాయి. చాలామంది విసిగిపోయి వదిలేసేది ఇక్కడే, కానీ చిన్నమ్మాయి తెచ్చిన కాగితంలో ఈ మాటే లేదు. 

పెద్దమ్మ అయితే ఇస్త్రీ జోలికే వెళ్ళేది కాదు. ఆవిడ దగ్గర అట్ట ఊడిపోయిన లెక్కల పుస్తకం ఒకటుండేది, ఆకులన్నీ దాంట్లోకే. కాగితం గరుకుగా, తడి పీల్చేలా ఉండేది. నున్నటి మెరుపు కాగితాల పత్రిక ఇస్తే తిప్పి పంపేసేది, అది తడి పీల్చదని. ఆకుకీ ఆకుకీ మధ్య వేలిమందం కాగితాలు. ఒకే పేజీలో రెండు ఆకులుంటే ఒకదాన్నొకటి తాకకూడదు. మర్నాడు పొద్దున్నే అన్నిటినీ తీసి కొత్త పేజీల్లోకి మార్చేది. ఎందుకో అప్పట్లో చాదస్తం అనిపించేది గానీ అసలు గుట్టు అదే. మొదటిరోజు దిగినంత తడి తర్వాత ఎప్పుడూ దిగదు. ఆ చెమ్మ పేజీలోనే వదిలేస్తే బూజు పడుతుంది, రంగు నల్లబడుతుంది. నడి ఈనె లావుగా ఉన్న ఆకైతే వెనకవైపు బ్లేడుతో ఈనెని సగం మందానికి చెక్కేసేది. లేకపోతే ఈనె కాగితాన్ని పైకెత్తేసి, దాని పక్కన ఆకు ముడతలు పడుతుంది. పల్చటి ఆకులకి వారం, దళసరివాటికి పది రోజులు పైనే. అయిందో లేదో చూడ్డానికి ఆకుని చెంపకి ఆనించుకునేది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఆరుతోందన్నమాట, మళ్ళీ పుస్తకంలోకి. గది వేడిలోనే ఉంటే అయినట్టు. మొక్కల నమూనాలు భద్రపరిచేవాళ్ళు కూడా ఇలాగే చేత్తో తాకి చూస్తారు. ఆవిడకి ఎవరు చెప్పారో మరి.

మైనంలో ముంచడానికి కూడా ఇలా ఆరిన ఆకే కావాలి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదం ఉంది. 70 దాటాక ఆకుని తొడిమ పట్టుకుని ముంచి, ఒకటీ రెండూ అనేలోపు తీసి, కొసనుంచి బొట్టు రాలేదాకా విదిలించి, దారానికి వేలాడదీయాలి. పైన తెల్లగా దట్టంగా పేరుకుంటే మైనం చల్లబడింది, మళ్ళీ వేడి చేయాలి. ఆకు ముడుచుకుని నల్లబడితే వేడి ఎక్కువైంది. తడి ఆకుని ముంచితే ఆ తడి లోపలే బందీ అయి, బయటికి నిగనిగలాడుతూనే లోపల కుళ్ళుతుంది. తడి పోవాలి, అంతే. మిగతావన్నీ తర్వాత.

అంటున్నానే గానీ, గ్లిజరిన్ దగ్గర ఈ మాట చెల్లదు. ఒక వంతు గ్లిజరిన్, రెండు వంతుల నీళ్ళు కలిపి పళ్ళెంలో పోసి, ఆకుల్ని పరిచి, తేలకుండా పైన ఇంకో పళ్ళెం బోర్లించి మూడు నుంచి ఐదు రోజులు వదిలేస్తే తడి పోవడం కాదు, దాని చోటు గ్లిజరిన్ ఆక్రమిస్తుంది. తీసి తుడిస్తే ఆకు తోలులా మెత్తగా వంగుతుంది, పొడిపొడి అవ్వదు. రంగు మాత్రం ఒక ఛాయ ముదురుతుంది. చిన్నపిల్లల చేతికిచ్చే దండకి, కిరీటానికి ఇదే నయం. నలిపినా విరగదు. మైనమే మేలని వాదించేదాన్ని, ఇప్పుడు రాస్తూ రాస్తూ ఇటు మొగ్గుతున్నాను. కొమ్మలకి కొమ్మలే కావాలంటే ఆకు ఇంకా పచ్చగా ఉండగానే కోసి, కొమ్మ చివర 5 సెంటీమీటర్లు సుత్తితో చితక్కొట్టి ఆ నీళ్ళలోనే నిలబెట్టాలి. రంగు పూర్తిగా మారాక కోస్తే లాభం లేదు, తొడిమ దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది, ఏమీ పీల్చదు.

పైన్ కాయలూ తడి కథే. తడిస్తే రెక్కలు మూసుకుంటాయి, ఆరితే విచ్చుకుంటాయి. 95 డిగ్రీల ఓవెన్‌లో అరగంట నుంచి గంట పెడితే విచ్చుకోవడమే కాదు, లోపలి పురుగులూ చస్తాయి. పక్కనే ఉండాలి, బంక ఉంటుంది కదా, నిప్పంటుకోవచ్చు. ఆపిల్ చక్రాల దండకీ అదే వేడి. 5 మిల్లీమీటర్ల మందం, పది నిమిషాలు నిమ్మరసం కలిపిన నీళ్ళలో, ఆపైన రెండు మూడు గంటలు ఓవెన్‌లో, మధ్యలో ఒకసారి తిప్పి. తినడానికైతే సాగుతుండగా తీయొచ్చు, దండకైతే నడిమధ్య కూడా పెళుసెక్కాలి, లేదంటే బూజు.

గుమ్మడి రొట్టె బాగా వచ్చింది. దాని గురించి ఇంతకన్నా ఏం చెప్పను, తినేశారు.

దాని వెనకాల తతంగం మాత్రం చెప్పాలి. గుమ్మం ముందు అలంకారానికి పెట్టే పెద్దకాయ పీచుగా, నీళ్ళగా ఉంటుంది. వంటకి చిన్నది, గట్టిది, చేతికి బరువుగా తగిలేది కావాలి. రెండు చెక్కలు చేసి గింజలూ పీచూ తీసేసి, కోసినవైపు కిందికి బోర్లించి, ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ముప్పావుగంట నుంచి గంట. చాకు అడ్డులేకుండా దిగాలి. ఉడకబెట్టొద్దు, ఉన్న నీళ్ళు చాలక ఇంకొన్ని ఎక్కుతాయి. గుజ్జుని పల్చటి గుడ్డలో గంటసేపు వేలాడదీసి, అప్పటికీ జారుగా ఉంటే వెడల్పు మూకుడులో గరిటె గీసిన గీత నిలిచేదాకా కలపాలి. 220 గ్రాముల పిండికి 240 గ్రాముల గుజ్జు, రెండు గుడ్లు, 120 మిల్లీలీటర్ల నూనె, 200 గ్రాముల చక్కెర, చెంచా వంటసోడా, అరచెంచా ఉప్పు, దాల్చినచెక్క పొడి, కాస్త జాజికాయ. 175 డిగ్రీల దగ్గర గంట. మధ్యలో కుంగి, కోస్తే బంకగా ఉందంటే గుజ్జులో నీళ్ళు ఎక్కువున్నట్టు. మరీ ఎండగొట్టినా రొట్టె గిడసబారుతుంది, అలాంటప్పుడు రెండు మూడు చెంచాల నీళ్ళు కలపాలి.

గింజలు ఉప్పునీళ్ళలో పది నిమిషాలు మరిగించి, గుడ్డమీద బాగా ఆరబెట్టి, కప్పుకి చెంచా నూనె పట్టించి, 160 డిగ్రీల దగ్గర ఇరవై, పాతిక నిమిషాలు. తడిమీద పెడితే కరకరలాడవు, నమలలేక చస్తాం.

మిగిలిన గుజ్జుని సీసాల్లోకెత్తి మరిగించి దాచేయమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు, వినకండి. గుజ్జు చిక్కగా ఉండటంవల్ల వేడి నడిమధ్యకి సరిగ్గా చేరదు. పులుపు తక్కువ కాబట్టి బొట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ తెచ్చే సూక్ష్మజీవి అందులో హాయిగా పెరగగలదు. ఒక్కో రొట్టెకి సరిపడా 240 గ్రాముల చొప్పున సంచుల్లో పోసి, గాలి తీసి, పల్చగా చదును చేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. పైన తేదీ రాయండి. కరిగించాక పైకి తేలిన నీళ్ళు వంపేయడం మరవకండి.