ముప్పై ఏళ్ల బీఎండబ్ల్యూ, వెల్డింగ్ కొట్టిన క్రౌను

డ్రిఫ్టింగ్, అంటే వెనక చక్రాలు కావాలనే జారించి బండిని అడ్డంగా నడపడం, నేర్చుకోవడానికి కారు చూస్తున్నానంటే తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట, నిస్సాన్ 240ఎస్ఎక్స్ తీసుకో అని. అమెరికాలో 1989 మోడల్ నుంచి 1998 దాకా అమ్మారు దాన్ని. తేలికైన బండి, పవర్ వెనక చక్రాలకి, పార్టులు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. అంతా నిజమే, కాకపోతే ఆ సంగతి ఊరందరికీ తెలుసు. డాష్‌బోర్డు పగిలి, తుప్పు పట్టి, ఇంజన్ సగం విప్పి డిక్కీలో వేసి ఉన్న బండికి కూడా కళ్లు తిరిగే రేటు చెప్తారు. ఇక్కడివాళ్లు దానికి డ్రిఫ్ట్ ట్యాక్స్ అని పేరు కూడా పెట్టుకున్నారు. టొయోటా ఏఈ86 గురించైతే అడగనే వద్దు. 1983-87 మధ్య వచ్చిన మామూలు కరోలా అది, జపాన్ ఘాట్ రోడ్ల మీద కెయిచి సుచియా అనే రేసర్ దాన్ని అడ్డంగా నడిపి పేరు తెచ్చాక ఇప్పుడు నాలాంటివాడు ఫొటోలు చూసుకోవడమే.

అందుకని నేను డల్లాస్ దగ్గర ఓ 1995 బీఎండబ్ల్యూ 325ఐ పట్టాను. ఆ తరం బండ్లని ఈ36 అంటారు. రెండున్నర లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, ఇనుప బ్లాకు, 189 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్. ముందూ వెనకా బరువు దాదాపు సమానం. కంప్యూటర్ల గోల తక్కువ, ఎంత తక్కువంటే చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ కూడా అక్కర్లేదు, తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా యాక్సిలరేటర్‌ని ఐదుసార్లు కిందిదాకా గబగబా తొక్కితే ఆ లైటే మిణుకుమిణుకుమంటూ నాలుగంకెల కోడ్ చెప్తుంది. 1444 వచ్చిందంటే ఏ రోగం లేదని. నా బండి మొదట్లో ఆ నంబరు చూపించలేదని వేరే చెప్పాలా.

అమ్మినాయన ఏసీ తప్ప అన్నీ పనిచేస్తాయన్నాడు. తీరా ఇంటికి తెచ్చాక చూస్తే సరిగ్గా పనిచేస్తున్నది ఏసీ ఒక్కటే.

డ్రిఫ్ట్ కారు అనగానే మన కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న టర్బో పెట్టావా, ఎన్ని హార్స్‌పవర్లు అని. నా ఉద్దేశంలో నేర్చుకునేవాడికి అది చివరి ప్రశ్న కూడా కాదు. పాత కారు డ్రిఫ్ట్‌లో చచ్చేది పవర్ లేక కాదు, వేడికి. బండి నెమ్మదిగా అడ్డంగా పోతుంటుంది, ఇంజన్ మాత్రం రెడ్‌లైన్ దగ్గర, అంటే తిరగగలిగినంత వేగంలో, అరుస్తుంటుంది, రేడియేటర్‌కి ఎదురుగాలి తగలదు. పైగా ఇది టెక్సాస్, ఎండాకాలం నలభై డిగ్రీలు మామూలే. ఈ36లో ఆ వేడిని మోయాల్సిన వాటర్ పంపు ఇంపెల్లర్ (నీళ్లని తోసే రెక్కల చక్రం), థర్మోస్టాట్ హౌసింగ్, రేడియేటర్ మెడ, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు చాలా బండ్లలో ప్లాస్టిక్కే. ముప్పై ఏళ్లు ఉడికిన ప్లాస్టిక్ గోటితో నొక్కితే పెంకులా విరుగుతుంది. హోసు తీస్తుంటేనే నా రేడియేటర్ మెడ విరిగి హోసుతో పాటు చేతికొచ్చింది.

ముందు ఫ్యాన్ తియ్యాలి, దాని నట్టు 32 ఎంఎం, ఉల్టా త్రెడ్డు. తెలియక మామూలు వైపు తిప్పేవాళ్లు దాన్ని ఇంకా బిగించుకుంటారు. పంపు నాలుగు నట్లు విప్పినా ఊడి రాదు, బ్లాకుకి అతుక్కుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకూడదు, దాని అంచులోనే రెండు ఖాళీ త్రెడ్ల బొక్కలుంటాయి, వాటిలో ఆరు ఎంఎం బోల్టులు రెండు వేసి ఇటు కొంచెం అటు కొంచెం బిగిస్తూ పోతే పంపు తనంతట తనే బయటికి జరుగుతుంది. బయటికొచ్చాక చూస్తే ఇంపెల్లర్ నడిబొడ్డున సన్నటి పగులు, షాఫ్టు పట్టుకుని వేలితో తిప్పితే ఇంపెల్లర్ విడిగా తిరుగుతోంది. అంటే బెల్టు తిరుగుతుంది, పంపూ తిరుగుతుంది, నీళ్లు మాత్రం కదలవు.

మెటల్ ఇంపెల్లర్ ఉన్న పంపు, అల్యూమినియం హౌసింగ్, కొత్త రేడియేటర్, కొత్త హోసులు వేశాను. తర్వాత నీళ్లు పోయడం ఒక ప్రహసనం. బండి ముక్కు పైకి ఎత్తి, తాళం ఆన్ చేసి హీటర్ ఫుల్లు వేడికి పెట్టి, గాలి పోయే స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా సన్నగా పోస్తూనే ఉండాలి. లోపల గాలి మిగిలిందా, వేడికి ఇంజన్ హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ పోతుంది, ఇక లేత్ షాపు చుట్టూ తిరగడమే. ఇంకోటి, డాష్‌బోర్డులోని టెంపరేచర్ ముల్లుని నమ్మొద్దు. కొంచెం అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే కదలకుండా నిలబడేలా తయారుచేశారు దాన్ని, అది కదిలే సమయానికి మనం లేటయిపోతాం. విడిగా ఓ మీటరు పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఆయిల్ పంపు నట్టు సంగతి కూడా ఇలాంటిదే. ఈ ఇంజన్లని రెడ్‌లైన్ దగ్గర అదే పనిగా తిప్పితే సంపులో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో, ఉన్న ఆయిల్ పంపు స్ప్రాకెట్ నట్టు ఊడిపోయే జబ్బుంది. ఊడితే ఆయిల్ ప్రెషర్ సున్నా, ఆ తర్వాత ఇంజన్ కూడా సున్నా. నట్టు చిన్నదే, అదీ ఉల్టా త్రెడ్డే, కానీ దాని దగ్గరికి పోవాలంటే ఇంజన్‌ని పైనుంచి వేలాడదీసి ముందు చక్రాల వైపు ఉండే సబ్‌ఫ్రేమ్ అనే ఉక్కు చట్రం దించాలి. దించి, నట్టుకి సేఫ్టీ వైరు కట్టి, మళ్లీ ఎక్కించాను. బయటికి ఏమీ కనపడదు, ఎవడూ మెచ్చుకోడు.

ఇక వెనక భాగం. వెనక చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే ట్రైలింగ్ ఆర్మ్ బుష్‌లు రబ్బరువి, అరిగిపోతే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక చక్రం తన ఇష్టం వచ్చిన దిక్కుకి చూస్తుంది. డ్రిఫ్ట్‌లో తోక ఊగాలి నిజమే, కానీ మనం ఊపితే ఊగాలి. గట్టి పాలీయురెథేన్ బుష్‌లు వేశాను. ఆర్మ్ బాడీకి బిగించే చోట, సబ్‌ఫ్రేమ్ కూర్చునే చోట, రేకు అలసిపోయి చిరుగుతుంది ఈ బండ్లలో. దానికి ప్లేట్లు దొరుకుతాయి, రేకు మీద పెట్టి వెల్డింగ్ కొట్టాలి. మొదట ఒక షాపులో చేయించాను, పేరెందుకు లెండి. వాళ్లు అడుగున ఉన్న తారు పెయింటు కూడా గీకకుండా దాని మీదే కొట్టి, పైన నల్ల రంగు పూసి ఇచ్చారు. ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే ప్లేటు లేచొచ్చింది. మిగతా వెల్డింగులన్నీ నేనే చేసుకున్నాను. చూడ్డానికి అందంగా లేవు గానీ సుత్తికి లేవట్లేదు.

అసలు కథ క్రౌను దగ్గర, అంటే వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ దగ్గర. మామూలు డిఫరెన్షియల్‌లో ఏ చక్రానికి పట్టు తక్కువైతే ఆ చక్రమే గిర్రున తిరుగుతుంది. బండి అడ్డంగా వెళ్తున్నప్పుడు లోపలి చక్రం తేలికవుతుంది, పవరంతా దానికే పోయి పొగ పెడుతుంది, బండి మాత్రం తిన్నగా అయిపోతుంది. ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా ఆపే మంచి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కొనాలంటే బండి ఖరీదులో పెద్ద వాటా దానికే. పేదవాడి దారి ఏంటంటే లోపలున్న స్టార్ పినియన్లని ఒకదానికొకటి వెల్డింగ్ కొట్టేయడం, అప్పుడు రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి.

మా మావయ్య విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లారీల క్రౌన్ పని చేసిన మనిషి. వాట్సాప్ వీడియోలో హౌసింగ్ చూపించి ఇలా చేద్దామనుకుంటున్నానని చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఒరేయ్, బండి మలుపు తిరగాలనే కదరా ఆ పినియన్లు పెట్టింది. వాటిని అతికించేస్తే ఇంక తిరిగేదెట్టా?"

"జారుతూ తిరగాలనే మావయ్యా."

"టైర్లు అరిగిపోతాయిగా?"

"వాటిని అరగ్గొట్టడానికే వెళ్లేది."

ఒక నవ్వు నవ్వి, పక్కనున్న ఎవరితోనో అమెరికాలో మావాడికి మతి పోయిందని చెప్పి, మళ్లీ ఫోన్‌లోకి వచ్చి పనిలో పడ్డాడు. ఆయిల్ చుక్క లేకుండా తుడువు, బేరింగులకి చిటుకులు తగలకుండా కప్పు, ముందు వెచ్చ చేసి అప్పుడు కొట్టు, కొట్టాక నీళ్లు పొయ్యమాక, దానంతటదే చల్లారనియ్యి. ఇదంతా ఇక్కడి వెల్డర్లు చెప్పేదానికి పొల్లు పోలేదు. నేను కలిపేది ఒక్కటే: బ్రేక్ క్లీనర్‌తో కడిగితే క్లోరిన్ లేని రకమే వాడండి, అదీ పూర్తిగా ఆరాకే వెల్డింగ్ మొదలుపెట్టండి. క్లోరిన్ ఉన్న రకానికి వెల్డింగ్ వేడి తగిలితే ఫాస్జీన్ పుడుతుంది. యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన గ్యాస్ అది.

బిగించి పార్కింగ్‌లో తిప్పితే మలుపు మలుపుకీ లోపలి టైరు కీచుమంటోంది, ఎవరైనా చూస్తే బండి చెడిపోయిందనుకుంటారు. రోడ్డు మీద నడపడానికి పనికిరాదు, వానలో అసలే వద్దు, అందుకే నాది ట్రాక్‌కి ట్రెయిలర్ మీదే వెళ్తుంది.

మిగతావి గబగబా. స్టీరింగ్ ఇంకాస్త ఎక్కువ తిరగడానికి టై రాడ్డుకీ ర్యాక్‌కీ మధ్య నాలుగు ఎంఎం వాషరు వేస్తే సరిపోయింది, ఖరీదైన యాంగిల్ కిట్టు ఇప్పుడే అక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్‌కి వెనక డిస్కు లోపల చిన్న డ్రమ్ము, షూలు ఉంటాయి. కొత్త షూలు వేసి, బోల్టు బొక్కలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి అడ్జస్టర్ తిప్పితే మొదట్లో అదే చాలు, హైడ్రాలిక్ లివర్ తర్వాత సంగతి. వెనక సీటు, కార్పెట్ పీకేశాను, పడవలాంటి పాత డ్రైవర్ సీటు తీసి బకెట్ సీటు పెట్టాను. కారు రేసులకి ఇచ్చే స్నెల్ ఎస్ఏ రేటింగ్ ఉన్న హెల్మెట్ కొన్నాను, దాని దగ్గర మాత్రం బేరమాడలేదు.

ట్రాక్ దగ్గర ముందు తనిఖీ ఉంటుంది. బ్యాటరీ గట్టిగా కట్టి ఉందా, ఎక్కడైనా కారుతోందా, లోపల దొర్లే సామాను ఉందా, చక్రాల బోల్టులు బిగువుగా ఉన్నాయా. ఈ36కి వాటిని 100 న్యూటన్ మీటర్ల బిగువుకి బిగించాలి. కొన్ని ట్రాకుల్లో కూలెంట్ పోస్తే ఒప్పుకోరు, నీళ్లే పోసుకు రమ్మంటారు, ఎందుకంటే కూలెంట్‌లో ఉండే జారుడు గ్లైకాల్ కిందపడితే వెనక వచ్చేవాడు కూడా అడగకుండానే డ్రిఫ్ట్ అవుతాడు.

కొత్తవాళ్లని తడిపిన స్కిడ్‌ప్యాడ్, అంటే జారడం నేర్చుకునే ఖాళీ చదును, మీదికి పంపుతారు. సెకండ్ గేరులో ఒక కోను చుట్టూ గుండ్రంగా తిప్పు అంటారు, అంతే పని. మొదట్లో చేతులు అడ్డొస్తాయి. తోక జారగానే స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని తిప్పాలని చూస్తాం, కానీ ముందు చక్రాలకి క్యాస్టర్, అంటే స్టీరింగ్ ఇరుసు కాస్త వెనక్కి వాలి ఉండటం, ఉంటుంది కాబట్టి చేతులు వదిలేస్తే స్టీరింగ్ తనే ఎదురు తిరుగుతుంది, దాన్ని వేళ్ల మధ్య పరిగెత్తనిచ్చి సరైన చోట పట్టుకోవడమే విద్య. కళ్లు బండి ముక్కు చూసే వైపు కాదు, మనం పోవాలనుకున్న వైపు, అంటే చాలాసార్లు పక్క కిటికీలోంచి చూడాలి. గుండ్రం వచ్చాక ఎనిమిది అంకె. ఒక వైపు జారుతున్న బండిని ఇంకో వైపుకి విసరడం, అక్కడే అందరి బండ్లూ బొంగరాలవుతాయి, నాదీ అయింది. నా బండిలో ఫ్యాక్టరీ 3.15 క్రౌన్ రేషియో, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు 3.15 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు, పొడి నేల మీద సెకండ్ గేరు చాలక థర్డ్ వేస్తే ఇంజన్ ఈడ్వలేకపోతుంది. అయినా సరే, 189 హార్స్‌పవర్లతో పొడి నేల మీద తోక నిలబెట్టడం నేర్చుకున్నవాడికి తర్వాత ఏ బండైనా తేలికే అంటారు, అది నిజమని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది.

వెనక టైర్లకి డబ్బులు పెట్టకండి. ముందువి మంచివి వేసి, వెనక్కి టైర్ల షాపుల్లో పారేసే 205/60 ఆర్15 సైజువి తెచ్చుకోవడం మేలు, దారాలు కనపడేదాకా కాల్చి మార్చేయొచ్చు. ఆ రోజు ట్రాక్ మీద నన్ను ఆపింది టైర్లు కాదు, పవర్ స్టీరింగ్. అటూ ఇటూ అంత జోరుగా తిప్పితే ఆయిల్ మరిగి ట్యాంకు మూతలోంచి పొంగింది, పాత హోసు క్లిప్పుల దగ్గర కారింది, ఇంజన్ నిండా ఎర్రటి ఏటీఎఫ్, అదే ఆ స్టీరింగ్ ఆయిల్. పక్కబండి కుర్రాడు రెండు మంచి క్లాంపులు ఇచ్చి, డబ్బు తీసుకోనన్నాడు. ఈ జనంలో నాకు బాగా నచ్చింది ఇదే, ఎవడి బండి చెడినా నలుగురు కింద దూరతారు.

ఇండియాలో ఇది చేయొచ్చా అని మెసేజులు పెడుతున్నారు. కార్లు లేక కాదు. కాంటెస్సా, పద్మిని, అంబాసిడర్, ఆఖరికి ఓమ్నీ కూడా వెనక చక్రాల బండ్లే, 2007లో బీఎండబ్ల్యూ చెన్నైలో ప్లాంటు పెట్టి బిగించిన 3 సిరీస్ కూడా అంతే, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, కాబట్టి అలాంటి బండి రోడ్డెక్కకూడదు. లారీ మీద వేసుకుని ప్రైవేటు స్థలానికో ట్రాక్‌కో తీసుకెళ్లండి. రాత్రిపూట ఓఆర్ఆర్ సర్వీసు రోడ్డు మీద రీల్స్ కోసం తిప్పేవాళ్లు మాత్రం నాకు మెసేజ్ పెట్టొద్దు, వాళ్లకి నా దగ్గర సలహాలు లేవు.

ప్రస్తుతానికి బండి జాకీ స్టాండ్ల మీద ఉంది. గేర్‌బాక్సుకీ ప్రొపెల్లర్ షాఫ్టుకీ మధ్య ఉండే రబ్బరు డిస్కు, దాన్ని గ్విబో అంటారు, తోక జారడానికి క్లచ్‌ని గబుక్కున తొక్కి వదిలే కిక్కులకి చీలిపోయింది. కొత్తది వచ్చింది, ఎగ్జాస్ట్ దించాలి, హీట్ షీల్డ్ బోల్టుల్లో రెండు తుప్పు పట్టి గుండ్రంగా అయిపోయాయి. వాటిని ఎలా తీయాలో మావయ్యకి ఫొటోలు పంపాను, విజయవాడలో తెల్లారాక చెప్తాడు.