ఇంట్లో ఆర్కేడ్ పెట్టె: ఆటల లెక్క కంటే పలక ముఖ్యం

నాణెం వేసి, నిలబడి ఆడే పాతకాలపు వీడియో గేమ్ యంత్రాన్ని ఇంటి హాల్లోనో మేడమీది గదిలోనో పెట్టుకోవాలనే ముచ్చట కొన్నేళ్లుగా బాగా పెరిగింది. 2018లో అమెరికాలో ఆర్కేడ్‌వన్‌అప్ అనే సంస్థ, అసలు యంత్రంలో ముప్పాతిక వంతు పరిమాణంలో, ఇంటికి తెచ్చుకొని మనమే బిగించుకొనే క్యాబినెట్లను అమ్మడం మొదలుపెట్టిన తరువాత, అంతవరకు పాత యంత్రాలను సేకరించే కొద్దిమందికే పరిమితమైన ఈ అభిరుచి మామూలు కుటుంబాల దాకా చేరింది. మా కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు వైపూ తెలిసినవారి ఇళ్లకు వెళ్లినప్పుడు ఇటువంటి పెట్టె అక్కడక్కడా కనబడుతోంది. కొందరు తయారైనదాన్ని తెప్పించుకుంటున్నారు, కొందరు వడ్రంగి మేస్త్రి చేత చేయిస్తున్నారు. అమలాపురంలో మా ఇంటికి నేను రెండో పద్ధతిలోనే చేయించాను. ఇప్పుడు చేయించాలనుకునేవారు నన్ను మొదట అడుగుతున్న ప్రశ్న, అందులో ఎన్ని వేల ఆటలు పడతాయని. జాయ్‌స్టిక్కూ బటన్లూ బిగించి, చేతులు ఆనించే పలక ఎలా ఉంది, చెక్క మన గాలికి ఎన్నాళ్లు ఆగుతుంది అన్న రెండు ప్రశ్నలు దానికంటే ముందు అడగాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తొంభైలలో డెల్టాలోని ఏ చిన్న పట్టణంలో పెరిగినవారికైనా వీడియో గేమ్ షాపు గుర్తుండే ఉంటుంది. కాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ను ఆ పేరుతో పిలిచినవారు మాలో ఎవరూ లేరు, అందులోని ఒక పాత్ర పేరుతో అందరికీ అది ‘ముస్తఫా’యే. దాన్ని ముగ్గురు ఒకేసారి ఆడవచ్చు. కొట్టడానికి ఒక బటన్, ఎగరడానికి ఒక బటన్. ఇంతకుమించి నేర్చుకోవలసింది లేదు. ఒకరి ప్రాణం పోబోతుంటే పక్కవాడు దారిలో దొరికిన తిండిని తాను తీసుకోకుండా వదిలిపెట్టేవాడు, వెనుక నిలబడినవారు సలహాలు చెప్పేవారు. ఫోనులో ఇంతకంటే గొప్ప బొమ్మలున్న ఆటలు ఈనాటి పిల్లలకు ఉచితంగా దొరుకుతున్నా, ముగ్గురు భుజాలు రాసుకుంటూ ఒకే తెర ముందు నిలబడే సందర్భం దొరకడం లేదు. ఇంటికి తెచ్చుకోవలసింది ఆ సందర్భాన్నే అని నా అభిప్రాయం, కనుక పెట్టె వెడల్పును కూడా దాన్ని బట్టే నిర్ణయించుకోవాలి.

ఇది ఇంట్లో సాధ్యం కావడానికి కారణమైన సాంకేతిక చరిత్ర చిన్నదే. 1997లో ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా విడుదల చేసిన ‘మేమ్’ అనే ప్రోగ్రాం, పాత ఆర్కేడ్ బోర్డుల పనిని మామూలు కంప్యూటరు చేసేటట్టు చేసింది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు, ఆ పనిని తక్కువ ఖర్చుతో చిన్న పెట్టెలో ఇమిడేటట్టు చేసింది.

ఇక పలక సంగతి. మేస్త్రులు సాధారణంగా వాడే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఈ పనికి గట్టిగా ఉంటుంది గాని, జాయ్‌స్టిక్‌ను దాని అడుగున అలాగే బిగిస్తే కాడ పైకి చాలినంత రాదు, పట్టు దొరకదు. అందుచేత జాయ్‌స్టిక్ కూర్చునే మేర చెక్కను లోపలివైపు నుంచి సగానికి పైగా, రౌటరు అనే చెక్క తొలిచే యంత్రంతో తొలిపించాలి. బటన్లకు 30 మిల్లీమీటర్ల రంధ్రాలు కావాలి. పైన అంటించిన మైకా పెచ్చులూడకుండా ఉండాలంటే పైనుంచి సగం, కిందినుంచి సగం కోయమని మేస్త్రికి ముందే చెప్పాలి. నొక్కి దిగవేసే రకం బటన్లు పలుచని రేకు పలకలకు ఉద్దేశించినవి, మందపాటి చెక్కలో అవి పట్టుకోవు; మరతో బిగించే రకమే కొనాలి. బటన్ల కింద ఉండే చిన్న స్విచ్చులకు ఒక్కొక్కదానికి రెండేసి వైర్లు వస్తాయి. ఒకటి, బటన్ నొక్కిన సంగతిని కంప్యూటరుకు అందించే యూఎస్‌బీ బోర్డుకు విడిగా వెళ్తుంది, రెండోది గ్రౌండ్ కనుక దండలో పూలు గుచ్చినట్టు ఒక బటన్ నుంచి మరొక బటన్‌కు కలుపుకుంటూ పోవచ్చు.

జాయ్‌స్టిక్ అడుగున కాడ కదలికను అదుపు చేసే ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని గేటు అంటారు. నామ్కో సంస్థ 1980లో తెచ్చిన ప్యాక్‌మ్యాన్ వంటి ఆటలకు నాలుగు దిక్కులే కావాలి. ఎనిమిది దిక్కుల గేటుతో ఆడితే మూలమలుపులో కాడ ఐమూలగా పడి బొమ్మ ఆగిపోతుంది. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ టూకు ఎనిమిది దిక్కులూ కావాలి, పైగా మనిషికి ఆరేసి బటన్లు కావాలి. అన్ని ఆటలకూ ఒకే పలక సమానంగా సరిపోదు కనుక, మీ ఇంట్లో నిజంగా ఆడే ఆటలు ఏవో ముందుగా తేల్చుకోవాలి. మేము ముస్తఫాకే పెద్దపీట వేసి, ముగ్గురికి చోటు వచ్చేటట్టు పలకను వెడల్పు చేశాము.

చెక్క విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బయటి నుంచి వచ్చే తయారీ క్యాబినెట్లు చాలావరకు ఎండీఎఫ్‌తో, అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన పలకతో చేసినవి. చుట్టూ కాలువలు, వరిచేలు, కొద్ది దూరంలో సముద్రం ఉన్న చోట అది తేమను పీల్చి అంచుల దగ్గర ఉబ్బుతుంది. ఆ ముక్క ఒకటి చేతిలోకి తీసుకొని, అంచును గోటితో గీరి చూసి మా మేస్త్రి చెప్పిన మాట ఇది: “ఆయ్, ఇది నీళ్లు తాగేత్తాదండి బాబుగారూ, రెండు వానాకాలాలు కూడా ఆగదండి.” ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణ ముద్ర ఉన్న, తేమకు తట్టుకొనే మెరైన్ ప్లైవుడ్ ధర ఎక్కువే అయినా, ఇక్కడ దానికే ఖర్చు పెట్టమంటాను. అడుగుభాగం నేలకు ఆనకుండా రబ్బరు కాళ్లు పెట్టించాలి. వెనుక గాలి ఆడే రంధ్రాలకు సన్నని జాలీ కొట్టించకపోతే బల్లులూ పురుగులూ లోపల కాపురం పెడతాయి. ఉప్పుగాలి తగిలే రాజోలు, నరసాపురం వైపు స్విచ్చుల కాంటాక్టులు తుప్పు పడతాయి కనుక కొన్ని స్విచ్చులు అదనంగా కొని దాచుకోవడం మంచిది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు రాస్ప్‌బెర్రీ పై మెమరీ కార్డులోని సమాచారం చెడిపోయే ప్రమాదం ఉంది. పెట్టెను ఇన్వర్టరు లైనుకు కలిపితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

తెర గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాత ఆటల బొమ్మ 4:3 నిష్పత్తిలో ఉంటుంది, కాబట్టి పాత చదరపు ఎల్‌సీడీ మానిటర్ దొరికితే అదే మేలు. పాత బుడ్డి టీవీని విప్పి అమర్చాలనుకునేవారు మాత్రం, స్విచ్ ఆపిన తరువాత కూడా దాని లోపల ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉంటుందని గుర్తుంచుకొని, ఆ పని తెలిసిన మెకానిక్‌కే అప్పగించాలి.

వేల ఆటలు నింపి అమ్మే పెట్టెల పట్ల నాకున్న అభ్యంతరం వేరే ఉంది. మేమ్ 2016 నుంచి పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే గాని, అందులో నడిపే ఆటలు అలా కావు. వాటి హక్కులు ఆయా సంస్థలవే. స్ట్రీట్ ఫైటర్ వంటివాటికి అధికారిక సంకలనాలు ఉన్నాయి, వాటిని కొనుక్కోవచ్చు. మన ముస్తఫా పరిస్థితే విచారకరం: ఒక అమెరికన్ కామిక్ పాత్రలతో అల్లిన ఆ ఆర్కేడ్ ఆట, దశాబ్దాలు గడిచినా ఇంటి కన్సోళ్లకు అధికారికంగా రాలేదు. ఇంతమంది డబ్బిచ్చి కొనుక్కోవడానికి సిద్ధంగా ఉన్న ఆటను కొనే దారి లేకపోవడం న్యాయం కాదని నేను అనుకుంటున్నాను. కాప్‌కామ్ దానికి మళ్లీ అనుమతులు సంపాదించి విడుదల చేయాలి.

చేయించుకోదలచినవారికి ఒక సూచన. పెట్టె మొత్తానికి చెక్క కోయించకముందే పలక ఒక్కటే తయారు చేయించండి. దాన్ని మూడడుగులకు కాస్త పైన ఒక బల్లమీద ఉంచి, ఇంట్లో ఉన్న టీవీకి కలిపి, పెద్దలూ పిల్లలూ అందరి చేతా కొన్నాళ్లు ఆడించండి. బటన్ల దూరం, కాడ ఎత్తు, మనిషికీ మనిషికీ మధ్య చోటు, ఈ మూడూ కుదిరిన తరువాతే మిగిలిన కొలతలు మేస్త్రికి ఇవ్వండి.