నేను లండన్‌లో పెరగలేదు

కాకినాడ బడిలో, ఆరో తరగతి బి సెక్షన్‌లో నన్ను మొదట 'లండన్ పిల్ల' అని పిలిచింది ఎవరో గుర్తు లేదు గానీ, పదో తరగతి పరీక్షలు రాసి బయటపడేదాకా ఆ పేరు నన్ను వదల్లేదు. మొన్న మన 1984 బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కూడా "లండన్ పిల్ల తన వ్యాసం పంపిందా, లేదా?" అని ఒకరు అడిగారు. ఇన్నేళ్లయింది కాబట్టి ఇప్పుడు చెప్పేస్తాను. నేను లండన్‌లో పెరగలేదు. ఆ ఊళ్లో అడుగుపెట్టింది రెండేసార్లు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, అదీ విమానం కోసం.

నేను పెరిగింది బ్లాక్‌పూల్‌లో. ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, ఐరిష్ సముద్రం ఒడ్డున ఉంటుంది. కాకినాడ పిల్లల ముందు నిలబడి "మాదీ సముద్రం ఒడ్డు ఊరే" అంటే ఎవరు లెక్కచేస్తారు? లండన్ అంటే పని జరిగింది. ఆ అబద్ధం నిలబడాలంటే దానికి తోడు మరికొన్ని కావాల్సి వచ్చాయి. మధ్యాహ్నం చెట్టు కింద టిఫిన్ బాక్సులు తెరుచుకుని మీరు నోళ్లు వెళ్లబెట్టి విన్నవన్నీ ఆ బాపతువే.

నాన్నగారు మన రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి 1972లో ఇంగ్లండ్ వెళ్లారు. అప్పట్లో మన డాక్టర్లకు తేలిగ్గా దొరికేవి అక్కడివాళ్లు వద్దనుకున్న ఉద్యోగాలు. ముసలివాళ్ల వార్డులు, మానసిక రోగుల ఆసుపత్రులు, క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు. రిటైరైనవాళ్లు సముద్రపు గాలి కోసం ఒడ్డు ఊళ్లకు వచ్చి స్థిరపడేవారు, అందుకని ఆ ఊళ్లలో ముసలివాళ్ల వార్డులకు కొదవ ఉండేది కాదు. మేం సముద్రం పక్కకు చేరింది అలాగే గానీ సరదాపడి కాదు.

మొదటి ఆరు నెలలు అదే తీరంలోని సౌత్‌పోర్ట్‌లో ఉన్నాం. వెళ్లిన వారానికి నాన్నగారు మమ్మల్ని సముద్రం చూపిస్తానని తీసుకెళ్లారు. ఒడ్డున నిలబడితే కనుచూపు మేర ఇసుక తప్ప ఏమీ లేదు. "ఏదండీ సముద్రం?" అంది అమ్మ. ఆయన దూరంగా ఒక తెల్లటి గీత చూపించారు. ఆ ఊరి పియర్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి వేసిన వంతెన, 1860లో కట్టింది, కిలోమీటరుకు పైనే పొడవు, దాని మీద బుల్లి రైలు కూడా నడిచేది. టికెట్ కొనుక్కుని చివరిదాకా వెళ్లాం. అక్కడా కింద ఇసుకే. "డబ్బులిచ్చి రైలెక్కి సముద్రాన్ని వెతుక్కోవడం నేనెక్కడా వినలేదు" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆ తీరమంతా అంతే. పున్నమి, అమావాస్య రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా 8 మీటర్ల దాకా ఉంటుంది. పాటు సమయంలో సముద్రం లేచి ఎటో వెళ్లిపోయినట్టుంటుంది, పోటుకు రోడ్డు గోడను గుద్దుతుంది.

బ్లాక్‌పూల్‌కు మారాక అసలు కథ మొదలైంది. మూడు పియర్‌లు, ఒడ్డు వెంబడి ట్రాములు, మధ్యలో 1894లో కట్టిన టవర్. ఈఫిల్ టవర్‌ను చూసి ముచ్చటపడి కట్టుకున్నారు, 518 అడుగులు. దాని నాలుగు కాళ్ల మధ్య సర్కస్ ఉండేది. చార్లీ కైరోలీ అనే జోకర్ 1939 నుంచి ఆ ఒక్క చోటే ఆడుతూ వచ్చాడు. మేం ఇండియా వచ్చేసిన 1979లోనే ఆయనా మానేశాడు. ఆట చివర్లో రింగ్ నేల కిందికి దిగి నీళ్లతో నిండిపోయేది. నేను జీవితంలో మొదటిసారి ఏనుగును చూసిందీ అక్కడే. అమ్మ చీర మీద కోటు వేసుకుని, మొదటి వరసలో కూర్చుని, దానికి దణ్ణం పెట్టింది. పక్కన కూర్చున్న దొరసాని ఏమనుకుందోగానీ ఆవిడ కూడా చెయ్యి ఊపింది.

నేను రోజూ గుర్రం ఎక్కేదాన్నని చెప్పాను కదా. గుర్రం కాదు, గాడిద. బీచ్ మీద గాడిదల వరస ఉండేది. ఒక్కోదాని ముక్కు పట్టీ మీద దాని పేరు రాసి ఉండేది, చిన్న గంట కట్టి ఉండేది. కొన్ని పెన్నీలిస్తే ఇసుకలో అటు వెళ్లి ఇటు వచ్చేది. కాకినాడలో "గాడిదెక్కాను" అంటే నా బతుకు ఏమయ్యేదో మీకు తెలుసు! కానీ ఆ గాడిదల వైభోగం చెప్పాలి. వాటికి ఆ ఊరి పురపాలక సంఘం 1942లోనే నిబంధనలు పెట్టింది. పొద్దున్న 10 నుంచి సాయంత్రం 7 దాకే పని, మధ్యలో గంట భోజన విరామం, శుక్రవారం సెలవు. వరసగా మూడు రాత్రుళ్లు డ్యూటీ చేసి ఇంటికొచ్చిన ఒక శుక్రవారం నాన్నగారు ఖాళీ బీచ్ చూసి, "వచ్చే జన్మలో ఈ ఊళ్లో గాడిదగా పుట్టినా పర్వాలేదు" అన్నారు.

వేసవిలో ఆయనకు వచ్చే కేసులు కూడా ఒడ్డువే. మడత కుర్చీలో వేలు ఇరుక్కున్నవాళ్లు, మబ్బుగా ఉంది కదాని చొక్కా విప్పి పడుకుని వీపు కాల్చుకున్నవాళ్లు. ఏ వారం ఏ ఊరివాళ్లు వస్తారో ఆయనకు ముందే తెలిసేది. చుట్టుపక్కల నూలు మిల్లుల ఊళ్లు బోల్టన్, బర్న్లీ, ఓల్డమ్ లాంటివి వేసవిలో తలా ఒక వారం మొత్తం మూతపడేవి. బాయిలర్లు, యంత్రాలు బాగుచేసుకోవడానికి అది వీలు. ఊరంతా కలిసి రైలెక్కి బ్లాక్‌పూల్ వచ్చేసేది. జూలై రెండో సగం గ్లాస్గోవాళ్లది. మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతూ, ఉన్నవాళ్లు చవక విమానాల్లో స్పెయిన్ వెళ్తున్న కాలం అది. అయినా మా చిన్నప్పుడు ఆగస్టులో బీచ్ మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. నా స్నేహితురాలి వాళ్లమ్మ గదులు అద్దెకిచ్చేది. ఆ రెండు నెలలూ పిల్ల మంచం కూడా అద్దెకు పోయేది, అది వంటింటి పక్క కొట్టులో పడుకునేది. నాకది చాలా గొప్పగా అనిపించి, మా ఇంట్లోనూ అలా చేద్దామని పేచీ పెట్టాను.

ఇక ఆ మిఠాయి సంగతి. బడిలో చేరిన మొదటి వారం మీకు పంచినది 'బ్లాక్‌పూల్ రాక్'. పైన గులాబీ రంగు, లోపల తెలుపు, ఎక్కడ విరిచినా మధ్యలో ఎర్రటి అక్షరాలు. సూట్‌కేసులో వచ్చేసరికే చెమట పట్టి కాగితానికి అతుక్కుపోయింది, మీరు కాగితంతో సహా నాకారు. లోపల ఎలా రాశారని అడిగితే, సన్నటి సూదితో రాసే మెషీన్ ఉందని చెప్పాను. మెషీనూ లేదు, సూదీ లేదు. తీర్థంలో మేకుకు తగిలించి జీళ్ల పాకం లాగుతారే, గోధుమరంగు పాకం లాగేకొద్దీ తెల్లబడుతుందే, సగం పని అదే. చక్కెర పాకం మరిగించి, బల్ల మీద పోసి, కొంత భాగాన్ని అలా లాగి తెల్లగా చేస్తారు. ఎర్రరంగు కలిపిన పాకాన్నీ తెల్లదాన్నీ పొడుగాటి బద్దీలుగా పేర్చి ఒక్కో అక్షరం కడతారు. అప్పుడు ఒక్కో అక్షరం అరచెయ్యంత ఉంటుంది. వాటిని గుండ్రంగా చేర్చి, మధ్యలో తెల్లపాకం నింపి, పైన గులాబీ రంగు దుప్పటి చుడితే మనిషి ఎత్తలేనంత దుంగ తయారవుతుంది. దాన్ని దొర్లిస్తూ ఒక చివర నుంచి సాగదీస్తూ పోతే వేలు మందానికి వస్తుంది. దుంగతో పాటు అక్షరాలూ చిక్కిపోతాయి గానీ చెదరవు. షాపు అద్దానికి ముక్కు ఆనించి నేనూ తమ్ముడూ ఎన్నోసార్లు చూశాం. తెలిసి కూడా సూది అన్నాను. సూదిలో ఉన్న గొప్ప జీళ్లలో ఎక్కడుంది?

సెలవులకు మేం కూడా వేరే సముద్రానికి వెళ్లాం, ఒకే ఒక్కసారి, 1975లో. కోరిక అమ్మది. బ్లాక్‌పూల్ పడమటి తీరం, సూర్యుడు నీళ్లలో మునగడమే గానీ నీళ్లలోంచి లేవడం ఉండదు. సముద్రంలోంచి వచ్చే సూర్యుడికి ఒక్కసారి దణ్ణం పెట్టుకోవాలంది. అందుకని తూర్పు తీరాన ఉన్న స్కార్‌బరో వెళ్లాం. కొండ మీద పాత కోట, దానికి చెరోవైపూ ఒక్కో బీచ్. ఫోన్లో గది ఉందన్న ల్యాండ్‌లేడీ గుమ్మంలో మమ్మల్ని చూసి లేదంది. సామాను మళ్లీ డిక్కీలో సర్దుతుంటే కిటికీలో 'వేకెన్సీస్' అన్న బోర్డు అలాగే ఉంది. దాని ముందు 'నో' అన్న చెక్క ముక్క తగిలిస్తే గదులు లేవని అర్థం. నాన్నగారు అటు చూసి, "తగిలించడం మర్చిపోయినట్టున్నారు" అని కారు స్టార్ట్ చేశారు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

రెండు వీధుల అవతల ఇంకొకావిడ గది ఇచ్చింది. అమ్మ నాలుగు రోజులూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, మా అందరికీ తలంట్లు పోసి, చలిలో ఒడ్డుకు నడిపించింది. మూడు రోజులు మబ్బు. నాలుగో రోజు గుడ్డు సొనలాంటి సూర్యుడు అయిదు నిమిషాలు కనిపించాడు. వచ్చేటప్పుడు ఇచ్చిన బిల్లులో గదికి ఇంత, అల్పాహారానికి ఇంత, కింద వేరే వరసలో 'స్నానాలు, 16' అని ఉంది. వేడినీళ్ల స్నానానికి వేరే డబ్బులని గోడ మీద కాగితంలో రాసే ఉందట, మేమెవరం చదవలేదు. ఆ గొట్టాల మోతకు ఇల్లంతా రోజూ నాలుగున్నరకు నిద్ర లేచిందని కూడా అప్పుడే తెలిసింది. ఆవిడ మాత్రం మర్యాదగానే, "మీ అంత శుభ్రమైన కుటుంబాన్ని నేను చూడలేదు, లవ్" అంది.

1976 వేసవి ఆ దేశం మర్చిపోదు. జూన్ 23 నుంచి జూలై 7 దాకా వరసగా 15 రోజులు దేశంలో ఎక్కడో ఒకచోట 32 డిగ్రీలు దాటింది. నీళ్లకు కటకట. దొరలు ఉసూరుమంటుంటే మా అమ్మకు ప్రాణం లేచొచ్చింది. వచ్చిన నాలుగేళ్లకు మొదటిసారి మినప వడియాలు పెట్టింది, పెరట్లో పాత దుప్పటి పరిచి. ఆ ఏడాదే లేడీబర్డ్ పురుగులు దండుగా పుట్టుకొచ్చాయి, ఆరుద్ర పురుగుల్లా ఎర్రగా ఉంటాయి గానీ వీటికి నల్లచుక్కలు. నాకూ తమ్ముడికీ చెరో విసనకర్ర ఇచ్చి వడియాలకు కాపలా పెట్టింది. వాటిని తోలుతూ గడిచిపోయింది నా ఎనిమిదో ఏటి వేసవి. కరువు మంత్రి అని ప్రత్యేకంగా ఒకాయన్ని వేశారు. ఆయన వచ్చిన కొన్ని రోజులకే వానలు మొదలయ్యాయి.

సెప్టెంబరు వస్తే దీపాలు. జనం తగ్గే కాలంలో ఇంకో రెండు నెలలు రాబట్టుకోవడానికి ఒడ్డు వెంబడి ఆరు మైళ్లు విద్యుద్దీపాలు పెట్టేవారు. 1879లో 8 ఆర్క్ దీపాలతో మొదలైన ముచ్చట అది. ట్రాములు రాకెట్‌లా, ఓడలా, రైలు ఇంజన్‌లా వెలుగుతూ వెళ్లేవి. ప్రెస్టన్, విగన్, బోల్టన్‌లలో ఉన్న తెలుగు డాక్టర్ల కుటుంబాలన్నీ శనివారం మా ఇంట్లో దిగేవి. మా ఇల్లు అన్నవరం సత్రమే. అమ్మ పులిహోర పెద్ద డేగిసాలో కలిపేది. బ్లాక్‌బర్న్ గుజరాతీ షాపులో కొన్న కందిపప్పు పొట్లాలు ఎవరో ఒకరు తెచ్చేవారు. కార్లు నత్తల్లా కదులుతుంటే పిల్లలం తలలు బయటపెట్టి అరిచేవాళ్లం. రాత్రి పదకొండు మంది పిల్లలం తివాచీ మీద వరసగా పడుకునేవాళ్లం.

దీపాలు ఆరిపోయాక ఊరు మూతపడేది. గాడిదలు పొలాలకు, షాపులకు చెక్కలు, ట్రాము పట్టాల మధ్య ఇసుక మేటలు. బడి నుంచి గాలికి ఎదురు నడవలేక వెనక్కి తిరిగి నడిచేవాళ్లం. నాకు బాగా గుర్తున్న బ్లాక్‌పూల్ ఇదే. ఇది మాత్రం మీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒక అబద్ధం మిగిలింది, రోజూ సముద్రంలో ఈదేదాన్నని. ఆగస్టులో కూడా ఆ నీళ్లు 16 డిగ్రీల దగ్గరే. మోకాళ్ల దాకా దిగితే కాళ్లు నీలంగా అయ్యేవి. ఏడేళ్లలో నా నడుము తడవలేదు. అందుకే ఏడో తరగతిలో ఉప్పాడ విహారయాత్రకు వెళ్లినప్పుడు, మీరంతా బట్టలతోనే కెరటాల్లోకి పరిగెడితే, నేను బూట్లు విప్పి, సాక్సులు మడిచి వాటిలో పెట్టి, పళ్లు బిగించుకుని ఒక్క కాలు ముందుకు పెట్టాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. సముద్రం అలా ఉంటుందని నాకు తెలియదు. ఏం చెయ్యాలో తోచక అక్కడే నిలబడితే వెనక నుంచి ఎవరో ఒక్క తోపు తోశారు, తల దాకా మునిగాను. అది ఎవరి పనో ఇప్పుడైనా ఒప్పుకోండి. నావన్నీ నేను ఒప్పుకున్నానుగా.