మట్టి బాటల సైక్లింగ్‌కి షార్ట్స్: జూన్ నుంచి అక్టోబర్ దాకా

జూన్‌లో అనంతగిరి అడవి బాటల్లో 28 కిలోమీటర్లు తొక్కి ఇంటికొచ్చి స్నానానికి వెళ్తే, తొడల లోపలి వైపు నీళ్లు తగలగానే భగ్గుమంది. ఆ రోజు వేసుకున్నది కాటన్ షార్ట్స్, లోపల మామూలు అండర్‌వేర్. కాటన్ చెమటని పీల్చుకుంటుంది గానీ తొందరగా ఆరదు. నిమిషానికి 70 సార్లు పెడల్ తిప్పుతున్నామనుకున్నా గంటకి 4,200 సార్లు ఆ తడి గుడ్డ, దాని కుట్టు ఒకేచోట చర్మాన్ని ఒరుసుకుంటాయి. మూడు రోజులు నడవడమే కష్టమైంది. బండి గురించి చదివినంతగా బట్టల గురించి చదవలేదని అప్పుడే అర్థమైంది, ఈ లెక్కంతా అక్కడి నుంచే మొదలు.

జూలైలో ప్యాడ్ ఉన్న లైక్రా షార్ట్స్ కొన్నాను, రోడ్డు సైక్లింగ్ వాళ్లు వేసుకునేవి. ఒరిపిడి నిజంగానే పోయింది. కానీ గండిపేట వైపు ఒక మట్టి బాటలో సర్కారు తుమ్మ కొమ్మ పక్క నుంచి వెళ్లానో లేదో, తొడ మీద జానెడు చీరిక. లైక్రా ఒంటికి అతుక్కుని ఉండటానికి బాగుంటుంది, ముళ్లకీ రాళ్లకీ ఆగదు. అందుకే కొండ బాటల్లో తొక్కేవాళ్లు రెండు పొరలు వేస్తారు: లోపల ప్యాడ్ ఉన్న పల్చటి లైనర్, పైన వదులుగా ఉండే గట్టి షార్ట్స్. రెండూ కలిపి అమ్మే సెట్లున్నాయి గానీ, విడివిడిగా కొనడమే మేలని నా అభిప్రాయం. లైనర్‌ని ప్రతి రైడ్ తర్వాత ఉతకాల్సిందే, పైదాన్ని అంత తరచుగా ఉతకక్కర్లేదు. నా దగ్గర ఇప్పుడు రెండు లైనర్లు, ఒకటే పై షార్ట్స్. డబ్బు తక్కువుంటే ముందు మంచి లైనర్ మీదే పెట్టండి.

ప్యాడ్ ఎంత మందంగా ఉంటే అంత సుఖం అనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నాను. మెత్తటి మందపాటి స్పాంజి అయితే కూర్చున్న పావుగంటకే అణిగిపోతుంది, బరువంతా ఎముకల మీద కాకుండా మధ్యలో ఉన్న మెత్తటి భాగం మీదికి వస్తుంది, తిమ్మిరి మొదలవుతుంది. వేలితో నొక్కితే కొంచెం ఎదురు తిరగాలి, పిరుదుల ఎముకలు ఆనేచోట గట్టిగా, అంచుల్లో పల్చగా ఉండాలి. పైగా మనం కొండ దిగేటప్పుడు ఎక్కువసేపు పెడల్స్ మీద నిలబడే ఉంటాం, అప్పుడు తొడల మధ్య మందపాటి ప్యాడ్ అడ్డమే. లైనర్ లోపల అండర్‌వేర్ వేసుకోకూడదు. వేసుకుంటే మళ్లీ అదే కుట్టు, అదే మంట. మొదట్లో నాకూ ఇబ్బందిగానే అనిపించింది, రెండో రైడ్‌కి అలవాటైపోయింది.

ఇక పై షార్ట్స్. ఆగస్టులో కొన్న మొదటిది పదిహేను రోజులు కూడా ఆగలేదు. నిటారు దిగుడులో సీటు వెనక్కి జరిగి, కింద మళ్లీ ముందుకి రాబోతే, కిందికి వేలాడుతున్న గుడ్డ సీటు ముక్కుకి తగులుకుంది. ఆ క్షణంలో బండి మీద పట్టు తప్పింది. పడలేదు గానీ నాలుగు కుట్లు కలిసేచోట పర్రున చిరిగింది. మా వీధి టైలర్ దగ్గరికి తీసుకెళ్తే చూసి, "దీనికి మియానీ లేదు సార్, చిరగకుండా ఎట్లుంటది" అన్నాడు. సల్వార్లకి కాళ్ల మధ్య వేసే ఆ విడి ముక్కే. అది ఉంటే కుట్లన్నీ ఒకే చుక్క దగ్గర కలవవు, కాలు చాచినా గుడ్డ లాగదు. అప్పటి నుంచి ఏ షార్ట్స్ చూసినా ముందు తిరగేసి అక్కడే చూస్తున్నాను.

ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏమీ తెలియదు. గొంతుక్కూర్చోండి, మోకాలు ఛాతీ దాకా ఎత్తండి, ముందుకి వంగండి. వంగినప్పుడు వెనక నడుము జారకూడదు. షాపులో సైకిల్ ఉంటే అడిగి ఒకసారి ఎక్కి కూర్చోండి, ఎవరూ కాదనరు. లైనర్ కూడా వెంట తీసుకెళ్లి వేసుకునే చూడండి, ఎందుకంటే దానితో సైజు మారుతుంది.

సెప్టెంబర్‌లో కొన్నది నైలాన్, కొంచెం సాగే గుణం ఉన్నది. పాలిస్టర్ చవక, త్వరగా ఆరుతుంది, కానీ రాపిడికి నైలాన్ ఎక్కువ ఓరుస్తుంది. దీనికి సీటు ఆనేచోట గుడ్డ మందంగా ఉంది, తొడల లోపలి వైపు గాలి ఆడటానికి సన్న రంధ్రాలున్నాయి, మన ఎండకి అవి చాలా అవసరం. నడుముకి రెండు పక్కలా వెల్క్రో పట్టీలు. జేబుకి జిప్ ఉండాలి, అదీ తొడ పక్కకి ఉండాలి. ముందు జేబులో ఫోన్ పెడితే ప్రతి తొక్కుకీ తగులుతుంది. తాళం చెవులు మాత్రం ఏ జేబులోనూ వద్దు, పడితే గుచ్చుకుంటాయి, బ్యాగులో వేయండి.

ఉతకడం: ఎర్రమట్టిని తడి మీద రుద్దితే గుడ్డలోకి దిగిపోతుంది. ఆరనిచ్చి దులిపి, తిరగేసి, చల్లనీళ్లలో ఉతికి నీడన ఆరేస్తున్నాను. వెల్క్రో మూయకపోతే లైనర్‌ని పీకేస్తుంది. ఉతికాక మెత్తదనం కోసం వేసే లిక్విడ్ అసలు వద్దు, చెమట లాగే గుణం పోతుంది.

ఇప్పటికి కొత్తదానితో 11 రైడ్లు, 290 కిలోమీటర్లు. కుట్టు ఒక్కటీ కదల్లేదు. ఎడమ వైపు లోపల కాస్త నూగు లేచింది, కారణం వెతికితే నా సీటు అంచు చిరిగి గరుకుగా ఉంది. దానికి టేప్ వేశాక ఆగింది.

మిగిలింది పొడవు. నిలబడితే మోకాలు దాకా వస్తుంది గానీ, తొక్కేటప్పుడు పైకి జరిగి మోకాలి ప్యాడ్‌కీ షార్ట్స్‌కీ మధ్య రెండు వేళ్ల సందు పడుతోంది, గీతలన్నీ సరిగ్గా అక్కడే. కింది మడత విప్పితే ఒక అంగుళం పైనే వస్తుందని టైలర్ అన్నాడు. శనివారానికి ఇస్తానన్నాడు, ఆదివారం మళ్లీ అనంతగిరే.