మానని పుండును నర్సు చూడాల్సిన తీరు

ఆశా కార్యకర్తలు ముప్పై ఏళ్లు దాటినవాళ్ల దగ్గర నింపే సీబాక్ ఫారంలో (జబ్బుల ముప్పును అంచనా వేసే ప్రశ్నల పట్టికలో), అరిచేతిలోనో అరికాల్లోనో పుండు మళ్లీ మళ్లీ వస్తోందా అని అడిగే ప్రశ్న ఒకటుంది. కుష్ఠును పట్టుకోవడానికి పెట్టిన ప్రశ్న అది. ఊళ్లలో జరిగే క్యాన్సర్ స్క్రీనింగ్ నోటికి, రొమ్ముకి, గర్భాశయ ముఖద్వారానికి మాత్రమే. చర్మం అందులో లేదు. అందుకే చర్మ క్యాన్సర్‌ను ముందుగా పట్టే అవకాశం మన దగ్గర స్క్రీనింగ్ క్యాంపుల్లో కాక, డ్రెస్సింగ్ గదిలోనే ఎక్కువ. ఒకే పుండును వారానికి రెండుసార్లు, నెలల తరబడి విప్పి చూసేది నర్సే. డాక్టరు చూసేసరికి దాని మీద కట్టుగుడ్డ ఉంటుంది.

నర్సులకు ఇచ్చే శిక్షణ ఇక్కడి నుంచే మొదలవ్వాలి. చాలాచోట్ల స్లైడ్లు ఆస్ట్రేలియా, బ్రిటన్ పాఠాల నుంచి వస్తాయి. తెల్లటి వీపు మీద నల్లటి మచ్చ, ముక్కు మీద మెరిసే బొడిపె. మెలనోమాను (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్‌ను) గుర్తుపట్టే ఏబీసీడీఈ సూత్రం కూడా అలాంటి చర్మానికే బాగా పనికొస్తుంది: రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండడం, రంగులు కలగాపులగం కావడం, 6 మి.మీ. దాటడం, మారుతూ ఉండడం. వీటిలో చివరిదాన్ని గట్టిగా పట్టుకోండి. మన చర్మానికి మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం అరికాలు, అరిచెయ్యి, గోరు అడుగు లాంటి చోట్ల ఎక్కువగా వస్తుంది. ఎండకీ దానికీ పెద్దగా సంబంధం లేదు.

పాదం మీది మచ్చకో పుండుకో వేరే ఐదు ప్రశ్నలు నేర్పాలి. రంగు ఉందా? ఇది ఫలానా అని ఎవరూ తేల్చి చెప్పలేకపోతున్నారా? రక్తం గానీ రసి గానీ కారుతోందా? మందు వేస్తున్నా పెరుగుతోందా? రెండు నెలలు దాటినా మానలేదా? రెండింటికి అవునని జవాబొస్తే పంపించాల్సిందే. ఆనెకాయ అని కోసినవి, పులిపిరి అని కాల్చినవి, గోరుచుట్టు అని నెలల తరబడి యాంటీబయాటిక్ ఇచ్చినవి తర్వాత మెలనోమాగా తేలుతుంటాయి. పైగా కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు. ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారే కండలా గోరు పక్కన లేస్తాయి. అలాంటి కండ మీద సిల్వర్ నైట్రేట్ పుల్ల (కండను కాల్చే మందు పుల్ల) పెడితే పైన నల్లబడి అసలు రూపం దాగిపోతుంది. కాబట్టి ముందు ఫోటో, బయాప్సీ (పరీక్షకు చిన్న ముక్క తీయడం). కాల్చడం తర్వాతి మాట.

గోటి విషయంలో మన ఇళ్లకే చెందిన చిక్కు ఒకటుంది. గోరింటాకు, పారాణి, పర్మాంగనేటు నీళ్లు గోటికి రంగెక్కిస్తాయి. పైనుంచి పడిన రంగు గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతుంది, వెనక తెల్లటి గోరు కనిపిస్తుంది. దెబ్బ తగిలి గోటి కింద గడ్డకట్టిన రక్తమూ అంతే. కాలి గోరు నెలకు ఒకటి, ఒకటిన్నర మి.మీ. పెరుగుతుంది గనుక ఈ రోజు స్కేలు పెట్టి ఫోటో తీసి, నెలన్నర తర్వాత మళ్లీ తీస్తే తేడా తెలుస్తుంది. గోటి మొదలు నుంచి చివరిదాకా నిలువుగా పరుచుకున్న చార అయితే వేరే సంగతి. నల్లటి చర్మం ఉన్నవాళ్లకు నాలుగైదు గోళ్లలో సన్నటి చారలు మామూలే. ఒక్క గోటికే, ముఖ్యంగా బొటనవేలికి, 3 మి.మీ. దాటిన చార ఉండి, గోటి మొదలు దగ్గర వెడల్పు పెరుగుతూ ఉంటే, లేదా నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మంలోకి పాకితే, నెలన్నర ఆగకూడదు. వెంటనే పంపాలి.

ఇంతకన్నా ఎక్కువగా తప్పిపోయేది పాత మచ్చలో పుట్టే క్యాన్సర్. కిరసనాయిలు స్టవ్వు పేలి చిన్నప్పుడు కాలిన కాలు, కుష్ఠు తగ్గినా స్పర్శ లేని పాదం మీద మిగిలిన పుండు, ఎముక చీము కారే రంధ్రం, సిరలు ఉబ్బిన కాలి మీద ఏళ్లనాటి పుండు: ఇలాంటి చోట్ల పుట్టేదాన్ని మార్జొలిన్ పుండు అంటారు. ఫ్రెంచి సర్జన్ మార్జొలిన్ 1828లో ఇలాంటి పుండ్లను వర్ణించాడు. కాలిన మచ్చకూ క్యాన్సర్‌కూ మధ్య సగటున ముప్పై ఏళ్లు పడుతుంది. సాధారణంగా అది స్క్వామస్ సెల్ క్యాన్సర్ (చర్మం పైపొర కణాల్లో పుట్టేది). రోగికి ఆ పుండు పాతచుట్టం, నర్సుకీ అంతే. అలవాటైపోవడమే ఇక్కడి ప్రమాదం.

అందుకే ప్రతి డ్రెస్సింగ్‌లో ఒక్క నిమిషం అంచు చూడడం నేర్పాలి. మానుతున్న పుండు అంచు పలచగా, లోపలికి వాలి, లేత గులాబీ రంగులో ఉంటుంది. క్యాన్సర్ అంచు గట్టిపడి, బయటికి తిరగబడి, కాలీఫ్లవర్‌లా గరుకుగా లేస్తుంది. కట్టుగుడ్డ తీయగానే రక్తం ఊరుతుంది. డ్రెస్సింగ్ మార్చినా వాసన పోదు. స్పర్శ లేని పాదంలో నొప్పి మొదలైతే అది మంచి సూచన కాదు. నెలకోసారి పొడవు, వెడల్పు మి.మీ.లో రాయండి. ‘పుండు ఉంది, డ్రెస్సింగ్ చేయబడింది’ అని మాత్రమే రాసిన కేసు షీటు ఎవరికీ ఏమీ చెప్పదు. చక్కెర అదుపులో ఉండి, రక్తప్రసారం బాగుండి, సరైన కట్టు కడుతున్నా 12 వారాల్లో పుండు తగ్గుముఖం పట్టకపోతే బయాప్సీ అడగాలి. పైన చెప్పిన గుర్తుల్లో ఒకటి కనిపించినా ఆ 12 వారాలు లెక్కపెట్టక్కర్లేదు.

తర్వాత గజ్జలు తడమాలి. పాదం నుంచి లింఫు (కణజాలం నుంచి పారే పలచటి ద్రవం) ఎక్కువగా అక్కడికే చేరుతుంది. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్ల గజ్జల్లో చిన్న, మెత్తటి, జారే గడ్డలు తరచూ ఉంటాయి. గట్టిగా, కదలకుండా, ఒకదానికొకటి అతుక్కున్నవి వేరు, క్యాన్సర్ అక్కడికి పాకిందేమోనని అనుమానించాలి. ఆ తేడా స్లైడు చూపిస్తే రాదు. పేషెంటు దగ్గర, వేళ్ల మెత్తటి భాగంతో నేర్పాలి.

బయాప్సీ డాక్టరు చేసినా, అది పనికొచ్చేలా చూసేది నర్సే. పెద్ద పుండైతే ముక్కను మధ్యలో నుంచి తీయకూడదు. అక్కడ కుళ్లిన కణజాలమే ఎక్కువ, రిపోర్టు ‘ఇన్‌ఫ్లమేషన్’ అని వస్తుంది. అంచు నుంచి, లోతుగా, రెండు మూడు చోట్ల తీయాలి. మెలనోమా అనుమానం ఉన్న చిన్న మచ్చైతే చుట్టూ సుమారు 2 మి.మీ. చర్మంతో మొత్తం తీయడమే మేలు. మెలనోమా ఎంత మందంగా ఉందన్న కొలత మీదే తర్వాతి ఆపరేషన్ ఆధారపడుతుంది. మందం 1 మి.మీ. లోపైతే చుట్టూ 1 సెం.మీ., 2 మి.మీ. దాటితే 2 సెం.మీ. మంచి చర్మం తీస్తారు. పైపైన గీరిన ముక్కలో ఆ కొలతే దొరకదు.

4 మి.మీ. పంచ్‌కు (చర్మం నుంచి గుండ్రటి ముక్క తీసే పనిముట్టుకు) రెండు శాతం లిగ్నోకైన్, అంటే తిమ్మిరెక్కించే మందు, ఒకటి, రెండు మి.లీ. చాలు. మి.లీ.కి 20 మి.గ్రా. అన్న లెక్క నోటికి రావాలి. అడ్రినలిన్ కలిసిన మందైతే రక్తం తగ్గడానికి ఏడెనిమిది నిమిషాలు ఆగాలి. పంచ్‌ను కొవ్వు కనిపించేదాకా దించి, ముక్కను సూదిమొనతో పైకెత్తి, అడుగున కత్తెరతో కోయాలి. ఫోర్సెప్స్‌తో నలిపితే కణాలు చితికి, మైక్రోస్కోప్ కింద ఏమీ తేలదు. సీసాలో పది శాతం బఫర్డ్ ఫార్మలిన్ (ముక్క కుళ్లకుండా నిలిపే ద్రవం) ఉండాలి, ముక్కకు కనీసం పది రెట్లు. సెలైన్లో వేసిన ముక్క కుళ్లుతుంది, కట్టుగుడ్డలో చుట్టినది ఎండిపోతుంది. పేరు మూత మీద కాదు, సీసా మీద రాయాలి, ఎందుకంటే మూతలు మారిపోతాయి. ఫారంలో ‘చర్మం ముక్క’ అని వదిలేయకుండా కుడా ఎడమా, ఏ చోటు, పుండు వయసెంత, కాలిన మచ్చా కాదా రాయాలి. ఆ చివరి మాట పాథాలజిస్టుకు సగం జవాబు. ఇంకొక్కటి: ఫార్మలిన్‌కూ రంగు లేదు, లిగ్నోకైన్‌కూ రంగు లేదు. ఇంజెక్షన్ ట్రే మీద ఫార్మలిన్ గిన్నె పెట్టనే కూడదు, సిరంజిలోకి ఎక్కితే ఆ చర్మం చచ్చిపోతుంది.

ముక్క తీయాలన్న మాట వచ్చేసరికి పేషెంటు లేచి వెళ్లిపోతాడు. ‘కత్తి తగిలితే పాకుతుందంట సిస్టర్’ అంటాడు. పక్కన బావమరిది తలూపుతాడు. ఆ భయాన్ని కసురుకుంటే ఆయన మళ్లీ రాడు. ‘బాబాయ్, ముక్క తీసినందువల్ల అది పాకదు. ముక్క తీయకుండా ఏ మందివ్వాలో ఎవరికీ తెలియదు. అది పెరిగేది మనం ఆలస్యం చేసినందుకే’ అని నింపాదిగా, ఇంట్లో నిర్ణయం తీసుకునే మనిషిని కూడా కూర్చోబెట్టి చెప్పాలి. శిక్షణలో ఈ మాటలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని పలికి చూడాలి. ఫార్మలిన్ శాతం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

మేనరికాలు ఎక్కువున్న చోట ఇంకో పాఠం చేర్చాలి. రెండేళ్లు నిండకముందే ముఖం, చేతుల మీద నల్లటి చుక్కలు చిమ్మినట్టు వచ్చి, ఎండలో కళ్లు తెరవలేని బిడ్డ కనిపిస్తే జీరోడెర్మా పిగ్మెంటోసమ్‌ను తలుచుకోవాలి. ఎండ చేసే హానిని చర్మం సరిచేసుకోలేక, బడి వయసులోనే క్యాన్సర్లు వచ్చే వంశపారంపర్య జబ్బు అది. పొడవు చేతుల చొక్కా, అంచున్న టోపీ, కళ్లజోడు, ఎండకు దూరంగా ఉంటారు గనుక డి విటమిన్, మూడు నెలలకోసారి ఒళ్లంతా చూడడం. కిటికీ అద్దం గుండా కూడా అతినీలలోహిత కిరణాలు కొన్ని వస్తాయని తల్లికి చెప్పాలి. తోబుట్టువులనూ చూడాలి. పుట్టు తెలుపు (పుట్టుకతోనే చర్మానికి రంగు లేకపోవడం) ఉన్నవాళ్లకూ బట్టలే మొదటి రక్షణ. సన్‌స్క్రీన్ కొనగలిగితే ముఖానికీ మెడకీ రెండు వేళ్ల పొడవు, రెండు గంటలకోసారి.

చివరగా రిజిస్టరు. బయాప్సీ తేదీ, ల్యాబ్ నంబరు, రెండు ఫోన్ నంబర్లు (ఒకటి పేషెంటుది, ఇంకొకటి ఇంట్లోవాళ్లది), రిపోర్టు వచ్చిన తేదీ, ఎవరికి చెప్పారు, ఎక్కడికి పంపారు. పదో రోజుకు ‘రిపోర్టు’ గడి ఖాళీగా ఉంటే ల్యాబుకు ఫోన్ చేసేది ఎవరో పేరు రాసి ఉండాలి. అరికాలి కుట్లు తీయడానికి రెండు మూడు వారాలకు పేషెంటు ఎలాగూ వస్తాడు. రిపోర్టు ఆ రోజుకు చేతిలో ఉండేలా చూసుకోవాలి.