మూడు ఊళ్లు, ఒక టేపు

గృహప్రవేశమై పది రోజులు కాలేదు. అయినా గుంటూరులో ఆ ఫ్లాట్ చూసిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

బ్రాడీపేటలో అద్దెకు ఉండేవాళ్లం. నా భార్య ఆఫీసు విజయవాడలో. బదిలీ అంటూ అయితే విశాఖకే. అందుకని మూడు ఊళ్లలో తిరిగి, మాకు చెప్పిన చదరపు అడుగు ధరలు కాగితం మీద రాసుకున్నాను. విశాఖ మధురవాడలో 6,800, విజయవాడ కానూరులో 5,600, గుంటూరు గోరంట్లలో 4,800. కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు విశాఖ, మన జీతాలకు అందదని కొట్టేశాం. గుంటూరే చవకని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. అడ్వాన్సు ఇచ్చేయమని మా బావమరిది తొందరపెట్టాడు.

నేను జూనియర్ కళాశాలలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. 1,300 చదరపు అడుగులన్న ఆ ఫ్లాట్ హాల్లో నిలబడితే 1,300 ఎక్కడా కనబడలేదు. జేబులోంచి స్టీలు టేపు తీశాను.

బిల్డరు దగ్గర పనిచేసే కుర్రాడు, ‘సార్, ఇల్లు కొనడానికి వచ్చారా, పరీక్ష పేపర్లు దిద్దడానికి వచ్చారా?’ అన్నాడు. ఇల్లు చూడటానికి వచ్చిన మరో కుటుంబం పక్కున నవ్వింది. వాళ్లతో కలిసి మా బావమరిదీ నవ్వాడు. టేపు రెండో కొస పట్టుకోమంటే ఫోను చూసుకుంటూ బాల్కనీలోకి వెళ్లిపోయాడు. చివరికి నా భార్యే పట్టుచీరతో నేల మీద వంగి పట్టుకుంది. వంటగదికి వచ్చేసరికి ఆ కుర్రాడు హాల్లో లైట్లు ఆర్పేశాడు.

లెక్క 780 తేలింది. మిగతా 520 ఏవి అని అడిగాను.

‘లిఫ్టు, మెట్లు, వాచ్‌మన్ గది, అన్నీ మీవే కదా సార్!’

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో, అంటే ఇంటి లోపల వాడుకునే చోటులో, లోపలి గోడలు చేరతాయి కానీ బాల్కనీ, బయటి గోడలు చేరవని చెప్పాను. ‘క్లాసు అయిపోయిందా సార్?’ అన్నాడు. బంగారంలో తరుగు ఒక శాతం పెరిగితే కొట్టువాడితో పోట్లాడతాం, ఇంట్లో నలభై శాతం తరుగు తీస్తే మాత్రం నోరెత్తం!

మర్నాడు అదే టేపుతో కానూరు వెళ్లాను. అక్కడ 1,250 అన్నది 890 వచ్చింది. ధర 70 లక్షలు, అంటే కాలు పెట్టగలిగే అడుగుకు సుమారు 7,865. గుంటూరు ఫ్లాటు 62.4 లక్షలు, అడుగుకు 8,000. చవక అనుకున్నదే ఖరీదైనది! ఈ మాట బావమరిదికి రెండుసార్లు చెప్పాను.

కానూరు ఫ్లాటే తీసుకున్నాం. రుణం సులువుగానే వచ్చింది. ఇద్దరి జీతాలు చూసి 80 శాతం ఇచ్చారు. స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే 5.25 లక్షలు, చేతి నుంచే పెట్టుకున్నాం. దాన్ని ముందే లెక్కలో వేసుకోండి. విజయవాడలో కొనేవాళ్లు 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్క వీధి టీ కొట్టులో అడగండి. బ్రోకర్లను అడిగితే ఏ వీధిలోనూ వాన కూడా పడలేదంటారు.

నిన్న మా బావమరిది వచ్చాడు. మంగళగిరిలో ఫ్లాట్ చూడబోతున్నాడట, టేపు అడిగాడు. ఎక్కడో పెట్టాను, వెతకాలి అన్నాను. అది నా జేబులోనే ఉంది.