నీళ్ళ గ్లాసుతో పబ్బుల యాత్ర

పెద్దమ్మ మనవరాలి నిశ్చితార్థం బెంగళూరులో అని ఫోనొచ్చినప్పుడు ముందు గుర్తొచ్చింది పెళ్ళికూతురు కాదు, మా బావ. 1987లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగానికని గుంటూరు నుంచి బెంగళూరు వెళ్ళి, అక్కడే రిటైరై, రామమూర్తినగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో ఒకటే మాట. "నువ్వొక్కసారి నాలుగు రోజులు చేసుకుని రావోయ్, నీకు మా ఊరి పబ్బులు చూపిస్తా."

సరే వెళ్దామనుకుంటే, ప్రయాణానికి పది రోజుల ముందు కడుపులో మంట మొదలైంది. డాక్టరు ఎండోస్కోపీ చేసి, మూడు నెలలు మందు ముట్టుకోవద్దు, కారం బాగా తగ్గించు అన్నాడు. నేను మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తాని. ఇరవై ఆరేళ్ళుగా నా ముక్కులోకి పోయే గాలే కారం. నన్ను కారం తగ్గించమనడం చేపని నీళ్ళు తగ్గించమనడం లాంటిది.

బావకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు నవ్వి, "మరీ మంచిది. తాగనివాణ్ణి తీసుకెళ్తేనే ఆ చోటు సంగతి తేలేది. మీ ఊళ్ళో తాగేవాళ్ళకి నాలుక ఎక్కడుంటుందిలే" అన్నాడు.

కోపం వచ్చింది కానీ, ఆలోచిస్తే కాదనలేకపోయాను. మా వైపు బార్లలో తిండిని మంచింగ్ అంటాం. ఉడకబెట్టిన శనగలు, మసాలా పల్లీలు, నిమ్మకాయ పిండిన ఉల్లిపాయ ముక్కలు, మిరియాలు చల్లిన కోడిగుడ్డు, ఇంకాస్త డబ్బుంటే ఎర్రరంగు దట్టించిన చికెన్ సిక్స్టీఫైవ్. దాని పని రెండు పెగ్గుల మధ్య నోరు కడగడం, అంతే. రుచి ఎలా ఉంది అని ఎవరూ అడగరు. అసలు మసక లైట్లలో ప్లేటులో ఏముందో కనపడితే కదా! తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారేమోనని తలుపు వైపు ఒక కన్ను వేసి తినే తిండికి రుచేముంటుంది.

కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కి గురువారం పొద్దున యశ్వంతపూర్‌లో దిగాను. మెట్రోలో మెజెస్టిక్ దాకా వెళ్ళి, అక్కడ పర్పుల్ లైన్‌లోకి మారి బెన్నిగానహళ్ళిలో దిగేసరికి బావ స్కూటర్ మీద సిద్ధంగా ఉన్నాడు. ఇంట్లో అక్క పెసరట్టు వేసి పెడుతూనే అసలు విషయం పసిగట్టింది. "ఏరా, నిశ్చితార్థానికి వచ్చావా, ఈయన వెనకాల తిరగడానికి వచ్చావా?" నేను తాగడం లేదని డాక్టరు చీటీ చూపించినా నమ్మలేదు.

ఆ సాయంత్రం పెకోస్ అనే పబ్బుకి వెళ్ళాం. బ్రిగేడ్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే రెస్ట్‌హౌస్ రోడ్డులో ఉంటుంది. 1989లో తెరిచారు. ఇరుకు మెట్లు, గోడలనిండా పాత రాక్ బ్యాండ్ల బొమ్మలు, చెక్క బల్లలు. బావ పెళ్ళికి ముందు జీతం అందిన రోజు ఇక్కడికే వచ్చేవాడట. ఇప్పటికీ అవే పాటలు వేస్తున్నారని ఆయన ఆనందం. నాకు ఆ పాటల్లో ఒక్కటీ తెలియదు. పక్క బల్ల దగ్గర తెల్ల గడ్డం ఆయన ఒకడు, కాలేజీ కుర్రాళ్ళు నలుగురు ఒకే పాటకి తలలూపుతున్నారు. ఇక్కడ పేరున్నది బీఫ్ చిల్లీ ఫ్రై. నేను తినను, బావ తిన్నాడు. నేను చికెన్ తెప్పించుకున్నాను. ఫరవాలేదు. తిండి కోసమే అయితే నేను మళ్ళీ పెకోస్‌కి వెళ్ళను. కానీ బావ ముఖం చూడటానికైతే వెళ్తాను.

శుక్రవారం నిశ్చితార్థం. భోజనాలు బ్రహ్మాండం, దాని సంగతి వేరే.

శనివారం మధ్యాహ్నం ఆటోలో వసంతనగర్ బయల్దేరాం. దారిలో విఠల్ మాల్యా రోడ్డు మీదుగా వెళ్తుంటే బావ ఎడమ పక్కన మెరుస్తున్న యూబీ సిటీ భవనాల్ని చూపించి, ఒకప్పుడు అక్కడ బీరు కాచేవాళ్ళని చెప్పాడు. 1915లో థామస్ లీష్మన్ అనే స్కాట్లాండ్ మనిషి దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టాడు. దండు ప్రాంతంలోని తెల్ల సైనికులకి పీపాల్లో ఎద్దుబండ్ల మీద బీరు వెళ్ళేది. దండు అంటే కంటోన్మెంట్. ఇక్కడి పబ్బుల అలవాటు ఐటీ వాళ్ళతో రాలేదు, అంతకు చాలాముందు ఎద్దుబండి మీద వచ్చిందని బావ వాదన. కటింగ్ చాయ్ తాగినంత మామూలుగా ఈ ఊరివాళ్ళు మధ్యాహ్నం బీరు తాగడం చూశాక ఆయన మాట తోసెయ్యలేకపోయాను.

విండ్సర్ పబ్ కొడవ సమాజ భవనంలో ఉంది. కొడవలు అంటే కూర్గు వాళ్ళు. పేరు చూసి ఇంగ్లీషు వ్యవహారం అనుకున్నాను, లోపలికి వెళ్తే ఘుమఘుమలాడే మసాలా వాసన. మా బల్ల దగ్గరికి వచ్చిన వెయిటర్‌ది కోలారు జిల్లా ముళబాగిలు. మా తెలుగు విని, కన్నడం యాస కలిసిన తీయని తెలుగులో "ఏం తింటారు సార్, చెప్పండి, చేయిస్తాను" అన్నాడు. ఆ "చేయిస్తాను"లోనే నాకు సగం కడుపు నిండింది.

ముందు పంది కర్రి వచ్చింది. కొడవ భాషలోనూ పందిని పంది అనే అంటారు కాబట్టి పేరు చదివి నోరు తెరవాల్సిన పనిలేదు. కూర నల్లగా ఉంది. మాడిపోయిందేమో అనుకున్నాను. ధనియాలు, మిరియాలు, జీలకర్ర నల్లబడేదాకా వేయించి పొడి కొడతారట. ఆ నలుపులో సగం దానిది, మిగతా సగం కాచంపులిది. కూర్గు కొండల్లో పండే ఒక పుల్లటి పండు రసాన్ని మరిగించి మరిగించి తారులాగా చేస్తారు, అదే కాచంపులి. కూర చివర్లో చెంచాడు వేస్తే చాలు. మన చింతపండు పులుపు నాలుక ముందు భాగాన్ని పట్టుకుంటుంది. ఇది నెమ్మదిగా గొంతు దగ్గర తేలుతుంది, కొవ్వుని కోసుకుంటూ పోతుంది. పంది మాంసంలో కొవ్వు ముక్క నోట్లో కరుగుతుంటే, ఆ పులుపు వచ్చి తర్వాతి ముద్దకి నోటిని శుభ్రం చేస్తుంది. మా ఊళ్ళో పెగ్గు చేసే పనిని ఇక్కడ కూరే చేసేస్తోంది!

దాంతో పాటు కడంబుట్టు అని బియ్యం రవ్వతో ఆవిరి మీద ఉడికించిన ఉండలు ఇచ్చారు. మన ఉండ్రాళ్ళే. ఉండ్రాళ్ళని పంది కూరలో ముంచుకుని తింటున్నానని మా అమ్మకి తెలిస్తే ఏమనేదో.

తర్వాత చికెన్ గీ రోస్ట్. కర్ణాటక తీరంలో కుందాపుర వైపు పుట్టిన వంట ఇది, ఇప్పుడు బెంగళూరులో బార్లన్నిట్లోనూ ఉంది. ప్లేటు పెట్టగానే నా వృత్తి లేచి కూర్చుంది. ఆ ఎరుపు చూశారా, అది రంగు కాదు. మిరపకాయ రంగు. కానీ అంత ఎర్రగా ఉండి కూడా నోట్లో పెడితే భగ్గుమనలేదు. ఘాటుకి పేరున్న తేజ కాయ అయితే ఆ రంగుకి కళ్ళల్లో నీళ్ళు రావాలి. వెయిటర్‌ని పిలిచి, ఏం కాయ వాడతారు బాబూ అని అడిగాను. "తెస్తానుండండి సార్" అని వంటగదిలోకి వెళ్ళి, అరచేతిలో రెండు ఎండుమిరపకాయలు పెట్టుకొచ్చాడు. ముడతలు పడి, ముదురెరుపులో, తేలిగ్గా ఉన్నాయి. బాడిగ! హావేరి జిల్లా బ్యాడగి ఊరి పేరు మీద వచ్చిన రకం. మా యార్డుకీ వస్తుంది, రంగు కోసం కొనేవాళ్ళు కొంటారు. రోజూ బస్తాల్లో చూసే కాయ ఇన్నేళ్ళకి మొదటిసారి నాకు తిండిగా కనిపించింది. విరిచి వాసన చూశాను. వెయిటర్ నా వైపు వింతగా చూశాడు. బావ ఆయనకి, "మిరపకాయల డాక్టరు" అని పరిచయం చేశాడు.

ఇంకో సంగతి. కారం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. బీరులో నూటికి తొంభై పాళ్ళకి పైగా నీళ్ళే కాబట్టి, మంటకి బీరు తాగితే చల్లారదు, పైగా గ్యాసు గుచ్చుతుంది. నెయ్యి చల్లారుస్తుంది. గీ రోస్ట్‌లో ఆ పని వంటలోనే జరిగిపోయింది. నా కడుపు ఆ రాత్రి ఒక్క మాట కూడా అనలేదు. డాక్టరుకి ఇది చెప్పాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇక్కడ నేను గమనించింది, మూడు గంటలపాటు నీళ్ళ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నా ఎవరూ "ఇంకేం కావాలి, బిల్లు తేవాలా" అని తొందరపెట్టలేదు. అటుపక్క బల్ల మీద ఒక కుటుంబం పిల్లాడికి దోసె తినిపిస్తోంది.

మా మేనల్లుడు సాఫ్ట్‌వేర్. "నాన్న ముసలి పబ్బులే చూపిస్తాడు మామయ్యా, అసలైనవి నేను చూపిస్తా" అని ఆ సాయంత్రం ఇందిరానగర్‌లో టాయిట్‌కి తీసుకెళ్ళాడు. 2010లో మొదలైంది. బీరు అక్కడికక్కడే కాస్తారు. గంట సేపు బయట నిలబడితేగానీ చోటు దొరకలేదు. బాస్మతీ బియ్యం వేసి కాచిన బీరు ఒకటుంది, దాని పేరే బాస్మతీ బ్లాండ్. మా తెనాలి వైపు రైతు వింటే తిడతాడో పొంగిపోతాడో. బావ గోధుమ బీరు తెప్పించుకుని వాసన చూడమని నా ముందు పెట్టాడు. అరటిపండు వాసన. అరటిపండు వెయ్యరు, ఆ రకం ఈస్ట్ పులిసేటప్పుడు పుట్టే వాసనట. పొయ్యిలో కాల్చిన పిజ్జా బాగుంది, అంచులు కరకరలాడాయి. తమాషా ఏమిటంటే, మమ్మల్ని అంత ఆర్భాటంగా తీసుకొచ్చిన మేనల్లుడు తండ్రి ముందు లైమ్ సోడా తాగుతూ కూర్చున్నాడు. ముగ్గురిలో తాగింది అరవై దాటినాయన ఒక్కడే.

అక్కణ్ణుంచి వాడే ఇంకో చోటికి లాక్కెళ్ళాడు. ఊరి చివర, కల్యాణ మండపం అంత పెద్దది, పేరు చెప్పను. మెనూ కోసం ఫోన్‌లో స్కాన్ చేసుకోవాలి. పాట చప్పుడుకి బల్ల అదురుతోంది. "ఆంధ్రా చిల్లీ చికెన్" అని కనిపిస్తే ఆశపడ్డాను. నలభై నిమిషాలకి కార్న్‌ఫ్లోర్ ముద్దలో క్యాప్సికమ్ ముక్కలు వచ్చాయి. నిజానికి పచ్చిమిరపకాయలతో ఆకుపచ్చగా చేసే ఆ కూరే బెంగళూరు సృష్టి లాగుంది. గుంటూరులో మా ఇంట్లో గానీ చుట్టాల ఇళ్ళల్లో గానీ ఆ పేరుతో ఎవరూ వండగా నేను చూడలేదు. అయినా ఇక్కడి మంచి ఆంధ్రా హోటళ్ళలో చేసేది ఒళ్ళు ఝల్లుమనేలా ఉంటుంది. దానికీ మా ముందుకొచ్చినదానికీ ఏ బంధుత్వమూ లేదు. తాగినవాళ్ళు గమనించి ఉండరు. నీళ్ళు తాగినవాడికి అన్నీ తెలుస్తాయి, అదే నా బాధ. బిల్లు చూసి బావ ఏమీ అనలేదు, కొడుకు వైపు ఒక చూపు చూశాడంతే.

ఆదివారం రాత్రికి నా బస్సు. పొద్దున్నే బావ, "కోషీస్‌కి వెళ్దాం, ఆదివారం అప్పం స్టూ ఉంటుంది" అన్నాడు. నేను అక్కని రమ్మన్నాను. "బారుకి రమ్మంటావురా నన్ను?" అని కస్సుమంది. కమర్షియల్ స్ట్రీట్‌లో చీరలు చూద్దాం, దారిలో టిఫిను తిందాం అని బయల్దేరదీశాం. ముప్పై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ సెయింట్ మార్క్స్ రోడ్డు మీద ఎన్నిసార్లు వెళ్ళిందో, కోషీస్ మెట్లు మాత్రం ఎక్కలేదు.

1952 నుంచి అదే రోడ్డు మీద ఉందది. ఎత్తు కప్పు, పాత ఫ్యాన్లు, తెల్లబట్టల వెయిటర్లు. కటికచీకటి, సిగరెట్ పొగ ఉంటాయనుకుని కొంగు సవరించుకుంటూ వచ్చిన అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. కిటికీల్లోంచి ఎండ బల్లల మీద పడుతోంది. ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. పిల్లలు కట్‌లెట్ల కోసం గోల చేస్తున్నారు. మూలన ఒక పెద్దావిడ, కాటన్ చీర, తెల్లజుట్టు ముడి, ముందు బీరు గ్లాసు పెట్టుకుని మనవడికి ఆమ్లెట్ ముక్కలు కోసి పెడుతోంది.

"ఆవిడకి మా అత్తగారి వయసుంటుంది" అని అక్క నా చెవిలో అంది. తర్వాత చాలాసేపు అటే చూసింది.

అప్పం అంచులు జల్లెడలా సన్నగా, మధ్యలో దూదిలా ఉంది. స్టూలో కొబ్బరిపాలు, బంగాళదుంప, మాంసం ముక్కలు, లవంగం వాసన. కంటోన్మెంటులో తెల్లవాళ్ళ స్టూకి కేరళ కొబ్బరి తగిలితే ఇలా ఉంటుందేమో. నా కడుపుకోసమే చేసినట్టుంది, మూడు అప్పాలు తిన్నాను. అక్క మొదటి ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండో ముద్దకి, "బాగుంది. ఇన్నేళ్ళూ నన్నెందుకు తీసుకురాలేదండీ?" అని బావని నిలదీసింది. ఆయన బీరు గ్లాసు వెనక ముఖం దాచుకున్నాడు.

మూడో ముద్దకి అక్క అటూ ఇటూ చూసింది. వెయిటర్ అవతలి బల్ల దగ్గర ఉన్నాడు. హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి, కాగితం పొట్లం విప్పి, స్టూ మీద చిటికెడు నల్లకారం చల్లుకుంది. బావ ఏమీ మాట్లాడకుండా తన ప్లేటు జరిపాడు, ఆయనకీ చల్లింది. నేను కూడా నా ప్లేటు ముందుకు తోశాను.

"నీకు డాక్టరు వద్దన్నాడుగా" అని పొట్లం మడిచి బ్యాగులో పెట్టేసింది.